ఏనుగులాయన అంచెక్కిన కథ

పద్దెనిమిదేళ్ల వయసులో మనిషికి తెలియనిదంటూ ఉండదు. గద్వాలలో డిగ్రీ చదువుతున్న నాకైతే అసలే ఉండేది కాదు. రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయిన రోజులవి. సెల్‌ఫోను వీధికొకటి, మగ్గం ఇంటికొకటి. మా ఇంట్లో నాయన గుంట మగ్గంలో కూర్చుని చీరలు నేసేవాడు, అమ్మ పక్కన కూర్చుని అంచు దారం మోసే నాడె అందించేది, అవ్వ (నాయన వాళ్లమ్మ) గడపలో కూర్చుని వాళ్లిద్దరి తప్పులూ దిద్దేది. నేను పొద్దున్నే నాలుగు కండెలకు దారం చుట్టిపడేసి, ఈ పని నా స్థాయికి తగింది కాదన్న మొహం పెట్టుకుని కాలేజీకి పోయేదాన్ని.

ఒకరోజు హిస్టరీ సారు క్లాసంతటికీ ఒక పని పెట్టారు. ఒక్కొక్కరు చరిత్రలోంచి ఒక సేనాపతిని ఎంచుకోవాలి, మూడు వారాలు చదవాలి, ఆయన చేసిన ఒక యుద్ధానికి పటం గీసి క్లాసులో చెప్పాలి. ఒకరు తీసుకున్నవాణ్ణి ఇంకొకరు తీసుకోకూడదు. కండెల పుణ్యమా అని నేను ఆలస్యంగా పోయేసరికి మంచి మంచి సేనాపతులందరూ అయిపోయారు. ఫ్రాన్సును ఏలిన పొట్టి చక్రవర్తిని అయిజ నుంచి వచ్చే ఆరడుగుల పొడుగోడు పట్టుకున్నాడు. కత్తి పట్టి గుర్రమెక్కిన రాణిని మొదటి బెంచీ అమ్మాయి ఎవరికీ దక్కనివ్వలేదు. బోర్డు మీద ఇద్దరే మిగిలారు. ఒకాయన ఓడల మీద యుద్ధం చేసినవాడు, ఇంకొకాయన రెండు వేల ఏళ్ల కిందట ఏనుగులతో మంచు కొండలు దాటి రోము మీదికి పోయినవాడు.

"జర రెండు దినాలు ఆలోచించుకుంట సార్" అన్నాను.

"పెండ్లి సంబంధమా ఆలోచించుకునేటందుకు? జల్ది చెప్పు" అన్నారు సారు. క్లాసంతా ఒకటే నవ్వు. సముద్రం నేను చూడలేదు. ఏనుగునైతే చిన్నప్పుడు జాతరలో చూశాను (అది నా నెత్తిన తొండం పెట్టింది, నేను జాతరంతా వినిపించేలా ఏడ్చాను). ఆ పాత పరిచయంతోనే "ఏనుగులాయన సార్" అనేశాను. ఒక మహాసేనాని నా చేతికి వచ్చిన విధానం ఇదీ.

ఇంటికి వచ్చి, రోమును గడగడలాడించిన వీరుణ్ణి చదవబోతున్నానని ప్రకటించాను. ఎవరూ గడగడలాడలేదు. అవ్వ మాత్రం, "అన్ని ఏనుగులకు మేత యాడికెల్లి తెచ్చిండే?" అంది. నాకు తెలియదు. "మంచు మీద జారవా అయి?" అదీ తెలియదు. "మరి ఏం చదువుతున్నవే నువ్వు?" నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ప్రశ్నలే అసలైన ప్రశ్నలని తెలిసేటప్పటికి నాకు సగం జుట్టు నెరిసింది.

ఆ రోజుల్లో మా ఇంట్లో నాకంటే పెద్ద యుద్ధం ఇంకొకటి నడుస్తోంది. దసరా చీరల పని ఏ ఇంటికి ఇవ్వాలో మా సేటు కొత్త అంచులు చూసి తేల్చేవాడు. కిందటేడు నాయన నేసిన అంచును వేలితో ముట్టకుండానే "పాతదే కదా" అని పక్కన పెట్టాడు. ఆ మాట నాయన ఏడాది పొడుగునా లోపల దాచుకున్నాడని మాకందరికీ తెలుసు. ఈసారి నెల రోజులు కూర్చుని, గళ్ల కాగితం మీద ఒక్కొక్క గడీ నింపి, మామిడి పిందెల అంచు గీశాడు. ఆ కాగితం చూసి అట్టలాయన అట్టలకు చిల్లులు కొడితే, ఆ అట్టలు మగ్గం మీది జాకార్డు యంత్రానికి ఎక్కిస్తే, గీసిన బొమ్మ బట్టలోకి దిగుతుంది. సేటు ఆదివారం వస్తానన్నాడు. సోమవారం నా క్లాసు.

నా పటానికి తెల్ల కాగితం దొరక్క నేను తీసుకున్నది కూడా నాయన గళ్ల కాగితమే. ఏనుగులాయన సైన్యం ఎర్ర గడులు, రోము సైన్యం నల్ల గడులు. నడుమనున్న ఎర్రవాళ్లు కావాలనే వెనక్కి తగ్గుతారు, నల్లవాళ్లు ఉత్సాహంగా లోపలికి వస్తారు, రెండు పక్కలనుంచీ ఎర్రవాళ్లు కమ్ముకుంటారు. గీశాక చూస్తే బోసిగా అనిపించి అటొక వరుస, ఇటొక వరుస ఏనుగుల్ని కూడా నిలబెట్టాను. నలగకుండా ఉంటుందని దాన్ని తీసుకుపోయి నాయన డిజైన్ల అట్టపెట్టెలో, అన్నిటికన్నా పైన పెట్టాను. అంత తెలివి నాది.

నేను కాలేజీలో ఉండగా అట్టలాయన వచ్చాడట. మగ్గంలోంచి లేవలేక నాయన, "అమ్మా, మీదున్న కాయితం తీసియ్యి" అన్నాడట. అవ్వ తీసిచ్చింది.

శుక్రవారం కాలేజీ నుంచి వచ్చేసరికి మగ్గం ఆగి ఉంది. కొత్త అట్టలతో జానెడు అంచు నేసి నాయన దాని మీదికి వంగి చూస్తున్నాడు.

"ఈ మామిడి పిందెలకు తొండాలెందుకు వచ్చినయే?" అన్నాడు అమ్మతో.

నా గుండె గుంట మగ్గంలోకి జారిపోయింది. అట్టలాయన మీదికి నెట్టేద్దామా అన్న నీచమైన ఆలోచన కూడా వచ్చింది, దాచను. కానీ నాయన మొహం చూశాక చేతకాలేదు. ఏడుస్తూ అంతా చెప్పేశాను. సేటు రావడానికి నడుమ ఒక్క రోజే ఉంది. మళ్లీ అట్టలు కొట్టడానికి వారం కావాలి. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అవ్వ, "నేనేం జేత్తు, మీదున్నదే ఇచ్చిన" అంది.

నాయన తిట్టలేదు. దానికే ఎక్కువ భయమేసింది. చాలాసేపు అంచును వేలితో తడిమి, "ఈడ నడుమ ఎర్రయి లోపటికి పోయినయేంది?" అని అడిగాడు. ముక్కు తుడుచుకుని యుద్ధం చెప్పాను.

"అంటే నడుమ తగ్గి, రెండు పక్కలకెల్లి పట్టిండ్రు. మనం అంచును చీర ఒంటికి కలిపినట్టే" అన్నాడు. ఇంకాసేపు చూసి, "మంచిగనే గీసినవ్ బిడ్డా. పనోడే మీ ఏనుగులాయన" అని నాడె అందుకున్నాడు.

ఆదివారం సేటు వచ్చాడు. కళ్లజోడు పైకి లేపి చూశాడు, కిందికి దించి చూశాడు, బట్టను తిరగేసి చూశాడు. "గిదెక్కడి అంచు? నేనెన్నడు చూడలే" అన్నాడు.

నాయన నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది. "రోము నుంచి వచ్చింది."

సేటు నవ్వి, ఆ ఏడాది దసరా పని మా ఇంటికే ఇచ్చాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి నాయన ఒక్క ఎగురు ఎగిరాడు. నాయన ఎగరడం నేను చూసింది అదొక్కసారే.

సోమవారం ఆ జానెడు ముక్కే పటంగా పట్టుకుని క్లాసుకు పోయాను. సారు ముక్కను తిప్పి తిప్పి చూసి, "అంతా మంచిగుంది గానీ, ఈ యుద్ధంల ఏనుగులు లేవమ్మా. అప్పటికే చచ్చిపోయినయి" అన్నారు. "ఏనుగులు లేకుంటే అంచు ఎట్ల నిండుతది సార్?" అనేశాను. పొడుగోడు బెంచీ గుద్ది మరీ నవ్వాడు. సారు మార్కులు తగ్గించారు, తర్వాత వారం వాళ్లావిడను తీసుకుని మా ఇంటికి చీర కోసం వచ్చారు.

మరి నెల రోజులు గీసిన మామిడి పిందెలు ఏమయ్యాయని ఇన్నేళ్లలో నేనే చాలాసార్లు అనుకున్నాను. ఒకసారి అడిగితే నాయన, "యాడికి పోతయ్ బిడ్డా, వచ్చేటేడు కాస్తయ్" అన్నాడు. మరుసటేడు కూడా సేటు ఏనుగులే అడిగాడు, ఆ పై ఏడూ అంతే. ఆ కాగితం ఇప్పుడు నా దగ్గరుంది. అందులో ఒక్క గడి కూడా తప్పు లేదు.

మొన్న వనపర్తి బస్టాండులో ఒకావిడ నా ముందు నడుస్తోంది. చీర బాగా పాతది, అంచు మాత్రం కొత్తగానే మెరుస్తోంది. ఎర్ర గడులు, నల్ల గడులు, తొండాలెత్తిన ఏనుగులు. చరిత్రలో ఆ మహానుభావుడు చివరికి ఓడిపోయాడని ఏటా క్లాసులో పిల్లలకు చెప్పేది నేనే. ఇక్కడ మాత్రం కుచ్చిళ్ల చుట్టూ ఓటమి లేకుండా జానెడుకొకసారి గెలుస్తూనే ఉన్నాడు. నా బస్సు కదులుతున్నా పట్టించుకోకుండా ఆమె వెనకే నడిచాను.

ఆవిడ గబుక్కున తిరిగి, "ఏందమ్మా, గట్ల చూస్తున్నవ్?" అంది.

"ఏం లేదక్కా" అన్నాను, "మా నాయన సైన్యం."