లీలమ్మ కాలు

లాల్‌దర్వాజా గల్లీలో లీలమ్మతో తన్నించుకోని నడుము లేదంటే కొంచెం ఎక్కువ చెప్పినట్టవుతుంది గానీ, మరీ అబద్ధం కాదు. ఆమె తల్లి కడుపులోంచి ఎదురుకాళ్లతో వచ్చింది. అలా పుట్టినవాళ్లు కాలితో తాకితే పట్టేసిన నడుము వదిలేస్తుందని మనవాళ్ల నమ్మకం. లీలమ్మ, ఆమె భర్త కైలాసం కలిసి పిండి గిర్నీ నడుపుతారు. గోధుమలు పట్టించుకోవడానికి వచ్చినవాళ్లు డబ్బా దించి, "అక్కా, జర నడుం గూడ చూడరాదే" అంటారు. యాకుత్‌పురా నుంచి ఒక ముసలి ఖాలా ఆటో కట్టించుకుని మరీ వచ్చి, "ఏక్ లాత్ మారో అమ్మా" అని, ఒక్క తన్ను తన్నమని ఎంతో మర్యాదగా అడుగుతుంది. లీలమ్మ కుచ్చిళ్లు సర్దుకుని, మడమతో మెల్లగా తాకి, "పో, ఇగ ఫికర్ లేదు" అంటుంది. తన్నించుకున్నవాళ్లు దండం పెట్టి మరీ వెళ్తారు.

"ఊరందరి నడుములు నిలబెట్టింది, నాదొక్కటే వంగింది" అని కైలాసం గిరాకీలతో అంటుంటాడు, ఆమె వినేంత దూరంలో లేనప్పుడు.

ఆ కాలికి ఒక నియమం ఉంది. లీలమ్మ అమ్మమ్మ పెట్టింది. అడగనిదే కాలెత్తకూడదు. అడిగాక ఎత్తితే మందు, అడక్కుండా ఎత్తితే ఉత్త తన్ను.

చిక్కంతా ఆ నియమంతోనే వచ్చింది. కొడుకు బబ్లూ భార్య స్వీటీకి ఆడపిల్ల పుట్టి మూడు నెలలైంది. పాప దిట్టంగానే ఉంది, బాగోలేనిది స్వీటీ నడుమే. వంగి పాపను తీస్తే ఒక మూలుగు, పాలిచ్చి లేస్తే ఒక మూలుగు, నీళ్ల బకెట్ ఎత్తితే "అమ్మా" అని ఒక కేక. లీలమ్మ వింటూనే ఉంది. నేడో రేపో అడుగుతుందని చూసింది. స్వీటీ అడగలేదు. బబ్లూ బండెక్కి సర్కారు దవాఖానకు వెళ్లి, ఫిజియో మేడమ్‌కు చూపించుకుని వచ్చింది.

లీలమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆ పూట పప్పులో ఉప్పు లేదు. అడిగే ధైర్యం కైలాసానికీ లేదు.

అన్నాల దగ్గర స్వీటీ మేడమ్ చెప్పినవన్నీ బబ్లూకు అప్పజెప్పింది. కాన్పుకు పొట్ట కండరాలు, కీళ్లు వదులవుతాయట, బరువంతా నడుము మీద పడుతుందట. పాప మీదికి వంగి పాలివ్వకూడదట; గోడకు ఆనుకుని, ఒళ్లో దిండు పెట్టుకుని పాపనే దగ్గరికి తెచ్చుకోవాలట. బరువులు కొన్నాళ్లు ముట్టకూడదట. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు ముడిచి, పొట్ట లోపలికి లాగి నడుమును చాపకు ఆనించి వదలాలట. కాళ్లలో తిమ్మిరి గానీ నీరసం గానీ వచ్చినా, జ్వరమొచ్చినా, మూత్రం అదుపు తప్పినా వెంటనే దవాఖానకు రావాలట. లీలమ్మ ఇవేవీ వినకూడదనే అటు తిరిగి కూర్చుంది. కూర్చుని, ఒక్క ముక్క వదలకుండా విన్నది.

మర్నాడు గిర్నీలో పక్కింటి అండాలు అందుకుంది. "ఏందక్కా, ఊరందరికి కాలిస్తవు, కోడలేమో దవాఖాన తిరుగుతున్నది? ఇంట్ల పని చెయ్యదా నీ కాలు?"

గిరాకీలు నవ్వారు. గిర్నీ చప్పుడులో వినపడనట్టు నటించింది గానీ, ఆ మాట లీలమ్మకు ముల్లులా దిగింది. పిండి పట్టడానికి గల్లీలో ఇంకో గిర్నీ కూడా ఉంది. లీలమ్మకంటూ ఒక పేరుందంటే ఆ కాలి వల్లే. సొంత ఇంట్లోనే పనిచేయలేదని తెలిస్తే ఇంక బయట ఎవరు నమ్ముతారు?

స్వీటీ తెలివిగలది. అత్త మొహం చూసి, ఆదివారం పొద్దున్నే తానే చాప పరుచుకుని పక్కకు తిరిగి పడుకుంది. "అత్తమ్మా, జర నీ కాలు పెట్టరాదే, మెల్లగ" అంది. లీలమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. గుడ్డు మీద కాలు పెడుతున్నంత జాగ్రత్తగా తాకించింది. "మస్తు అల్కగయింది అత్తమ్మా" అంది స్వీటీ. ఆ పూట పప్పులోకి ఉప్పు తిరిగొచ్చింది.

సోమవారం పొద్దున స్వీటీ బకెట్ ఎత్తబోయి, గోడ పట్టుకుని నిలబడిపోయింది. చూసింది లీలమ్మ ఒక్కతే. గుండె గుభేలుమంది. కోడలి బాధ చూసి అంటే సగమే నిజం. అవతల వాకిట్లో అండాలు చీపురు పట్టుకుని ఉంది, చూసిందంటే అంతే సంగతులు. "ఏయ్, పక్కకు జరుగు!" అని లీలమ్మ బకెట్ తానే ఎత్తుకుపోయింది.

ఇక అప్పటి నుంచి లీలమ్మ కాలి పరువు కాపాడే పనిలో పడింది. పాలిచ్చే వేళకు దిండు తెచ్చి కోడలి ఒళ్లో పెట్టేది. కాళ్లు చాపుకుని కూర్చుని పాపకు తానే నీళ్లు పోసేది. తడిబట్టల బకెట్ బబ్లూతో మిద్దె మీదికి మోయించేది. "గివి గూడ నేనే చెయ్యాల్నా?" అని వాడు గొణిగితే, అడక్కుండా కాలెత్తితే ఏమవుతుందో గుర్తుచేసేది. కోడలు ఎక్సర్‌సైజు మరిచిపోతే, "నడుం చాపకు ఆనిచ్చినవా లేదా?" అని గిర్నీలోంచే అరిచేది. ఇంతా చేస్తూ మేడమ్ పేరు ఒక్కసారైనా ఎత్తలేదు.

నడుము ఒక్కసారిగా తగ్గలేదు. ఒకరోజు బాగుండి మరుసటిరోజు మళ్లీ లాగేది. బోనాలు దాటాక గానీ స్వీటీ మూలుగు లేకుండా మంచం దిగలేదు. దిగిన రోజున గల్లీకంతా వినపడేలా, "అంత మా అత్తమ్మ కాలు మహిమ!" అంది. అని, అత్త వంక చూసి చిన్నగా నవ్వింది. ఆ పిల్లకు అన్నీ తెలుసు. లీలమ్మ చటుక్కున గోధుమలు చెరగడంలో మునిగిపోయింది.

మహిమ అండాలును కూడా లాక్కొచ్చింది. వారం తిరక్కుండానే, కాన్పుకొచ్చిన కూతురు నవనీతను వెంటబెట్టుకుని గిర్నీకి వచ్చింది. పిల్ల మొహం పీక్కుపోయి ఉంది. ఒక చేతిలో బిడ్డ, ఇంకో చెయ్యి నడుము మీద.

"అక్కా, నీ కోడలికిచ్చినట్టే దీనికి గూడ ఒక్కసారి కాలియ్యి. కాన్పయి నెల దాటింది, ఒక్క పని సక్కగ చేస్తలేదు. పొద్దుగాల నల్లా నీళ్లు పట్టమంటే రెండో బకెట్‌కే కూలవడ్డది."

గిరాకీలు జరిగి చోటిచ్చారు. కైలాసం మోటారు ఆపాడు. కాలు పనిచేయదన్న నోటితోనే ఇవాళ అండాలు కాలు అడుగుతోంది. లీలమ్మ ఇంతకంటే కోరుకున్నదేమీ లేదు. నవనీత బిడ్డను తల్లికిచ్చి, చాప మీద పక్కకు తిరిగి పడుకుంది.

లీలమ్మ కాలెత్తింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగింది. ఇప్పుడు తాకిస్తే ఈ పిల్ల దండం పెట్టి ఇంటికి పోతుంది, పోయి రేపు మళ్లీ నల్లా దగ్గర బకెట్ పట్టుకుని నిలబడుతుంది. బబ్లూ పుట్టినప్పుడు తానూ ఇలాగే నడుము పట్టుకుని నీళ్లు మోసింది. అందరి నడుములకూ అందిన కాలు తన నడుముకు మాత్రం అందలేదు. ఒక్కరైనా వచ్చి ఆ బకెట్ అందుకోలేదన్న బాధ ఆమెకు ఇప్పటికీ పోలేదు.

"ఏందక్కా, గడియ మంచిగ లేదా? రేపు రమ్మంటవా?" అంది అండాలు.

అవునంటే సరిపోయేది. పేరు పేరుగానే ఉండేది. లీలమ్మ కాలు కింద పెట్టింది.

"నా కాలుతోని తగ్గలే అండాలూ. దవాఖానల మేడమ్ చెప్పినట్టు చేస్తే తగ్గింది. బకెట్లు నేను మోసిన, పిల్లకు నీళ్లు నేను పోసిన, బట్టలు మా బబ్లూగాడు మోసిండు. దీన్ని గూడ తీస్కపోయి చూపెట్టు."

గిరాకీలు డబ్బాలు వదిలి ముందుకు జరిగారు.

"గదేంది? గల్లీ అంత నీ కాలనే అనుకుంటున్నరు గదా?" అంది అండాలు.

"అనుకున్నరు. నేను గూడ అనుకోనిచ్చిన."

నవనీత చెయ్యి నేలకు ఆనించి మెల్లగా లేచి కూర్చుంది. "మరి నాది తగ్గుతదా పెద్దమ్మా?"

"ఎందుకు తగ్గది బిడ్డా? రేపటి సంది మీ అమ్మ నీళ్లు మోస్తే తగ్గుతది."