పొగాకు మరక దగ్గర ఆగిన కథ

పొగాకు వాసన తగిలితే నాకు బైబులు గుర్తుకొస్తుంది. ఈ మాట మా సంఘంలో ఎవరితోనైనా అంటే నవ్వుతారు, కొందరికి కోపం కూడా వస్తుంది. కానీ మొన్న కర్నూలు బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన పంచె మడత విప్పి, పొగాకు కాడ తీసి, సున్నం రాసి అరచేతిలో నలుపుకుంటుంటే, ఆ ఘాటు ముక్కుకు తగలగానే, ఇల్లు విడిచిపోయి తిరిగొచ్చిన చిన్నకొడుకు కథ మొదటి మాట నుంచి మా అవ్వ గొంతుతో నా చెవిలో మొదలైంది. బస్సు దిగేదాకా ఆగలేదు.

అవ్వ అంటే మా నాయన తల్లి. కోవెలకుంట్ల దిక్కు నల్లరేగడి పల్లెలో, మా పేటలో చదువొచ్చిన ఆడమనిషి ఆమె ఒక్కతే. చిన్నతనంలో దొరసాని బంగళాలో పిల్లల్ని ఆడిస్తూ అక్షరాలు నేర్చుకుందట. ఆమెకు పొగాకు అలవాటు. మా గుడి పాస్టరు అయ్యగారికి అది గిట్టదు. ఇంటికి ప్రార్థనకు వచ్చిన ప్రతిసారీ చూరులో చెయ్యి పెట్టి, కుండల వెనక చూసి, ఆకు దొరికితే పొయ్యిలో వేసిపోయేవాడు. అందుకని అవ్వ ఆకును సాపుగా పరిచి పెద్ద బైబులు మధ్యలో పెట్టి మూసేది. "ఆయప్ప ఇల్లంతా యెతుకుతాడు గానీ బైబులు మాత్రం తెరిచి సూడడు లే" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఎండాకాలం వచ్చిందంటే విత్తనానికి బుడ్డలు వొలిచే పని. వేరుశనగను మా దిక్కు బుడ్డలంటాం. పొద్దెక్కకముందే ఇంటి ముందరి నాపరాయి అరుగు మీద, వేపచెట్టు నీడ జరిగేకొద్దీ మేమూ జరుగుతూ, బొటనవేళ్ళు వాచిపోయేదాకా వొలిచేవాళ్ళం. పొట్టు ఎగిరి కళ్ళల్లో పడేది, కుప్పలోంచి తేళ్ళు బయటపడేవి, మధ్యలో జొన్నరొట్టె మీద ఊరిబిండి వేసుకుని అక్కడే తినేవాళ్ళం. పిల్లలు విత్తనం నోట్లో వేసుకోకుండా ఉండాలని అవ్వ ఒక ఉపాయం కనిపెట్టింది. బైబులు ఒళ్ళో పెట్టుకుని, దారంతో చెవికి కట్టుకున్న కళ్ళజోడు సవరించుకుని, ఒక్కో మాట చదివేది. మేమందరం గట్టిగా తిరిగి అనాలి. నోట్లో గింజ ఉంటే మాట ముద్దవుతుంది, దొరికిపోతాం.

అట్లా నాకు ఎన్నో అధ్యాయాలు నోటికొచ్చాయి. అవ్వకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ చిన్నకొడుకు కథే. వాడు దూరదేశం పోయి, పందులు మేపి, ఆకలికి తట్టుకోలేక తిరిగొస్తాడు. తండ్రి ఎదురుపోయి కౌగిలించుకుని విందు చేస్తాడు. పొలం నుంచి వచ్చిన పెద్దకొడుకు లోపల పాటలు విని అలిగి బయటే నిలబడితే తండ్రి బతిమాలతాడు. అవ్వ పేజీ మీద వేలు జరుపుకుంటూ చివరికి ఇట్లా చదివేది: అప్పుడు అన్న కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి, తమ్ముని పక్కన కూర్చున్నాడు, ఇద్దరూ ఒక్క తట్టలో తిన్నారు. ఆ మాట మేము తిరిగి అంటుంటే ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకునేది.

మా ఇంట్లోనూ ఇద్దరు అన్నదమ్ములు. మా నాయన చిన్నవాడు. నేను పుట్టకముందు కరువు సంవత్సరం ఎవరికీ చెప్పకుండా బళ్ళారి పోయి, మూడేళ్ళకు తిరిగొచ్చాడు. అవ్వ కోడిని కోసి పేటంతా పిలిచింది. ఆ మూడేళ్ళూ ఒంటరిగా సేద్యం చేసి ఇల్లు నిలబెట్టిన పెదనాయన ఆ రోజే పక్క సందులో కొట్టం వేసుకుని పోయాడు. గుడికొస్తాడు, అవ్వకు జ్వరమొస్తే బండి కట్టిస్తాడు, కానీ మా గడప తొక్కడు.

మా పల్లె బడి మూడో తరగతితో సరి. ఆపైన చదవాలంటే కర్నూల్లో ఆడపిల్లల బోర్డింగు బడి. కర్నూలు రాజధాని అయిందనీ, ఊరిబయట గుడారాల్లో సర్కారు కచేరీలు నడుస్తున్నాయనీ పెద్దవాళ్ళు చెప్పుకుంటున్న రోజులు. ఆ ఊరు చూడాలని నాకు నిద్రలో కూడా ఆశ. ఆ సంవత్సరం కోతల పండగనాడు మా చుట్టుపట్ల పల్లెల ఆడపిల్లల్లో ఎవరు ఒక కథ తప్పులేకుండా పూర్తిగా ఒప్పజెబితే వాళ్ళకు ఆ బడిలో చోటు అన్నారు. ఒక్కటే చోటు. మా అమ్మ అప్పుడే నాకు రెండో లంగా కుట్టి పెట్టెలో పెట్టింది.

పండగనాడు గుడి నిండా కొత్త జొన్న కంకులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ప్రార్థన మధ్యలో కోళ్ళు అరుస్తూనే ఉన్నాయి. కోవెలకుంట్ల గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి కూతురు నాకన్నా ముందు లేచి రెండు చోట్ల తడబడింది. నేను లేచి మొదలుపెట్టాను. అయ్యగారు పుస్తకంలో వేలు పెట్టి చూసుకుంటూ తల ఊపుతున్నాడు. ఒక్క పొల్లు పోలేదు. చివరికి వచ్చాను. అన్న కాళ్ళు కడుక్కున్నాడు, లోపలికి వచ్చాడు, తమ్ముని పక్కన కూర్చున్నాడు.

అయ్యగారి వేలు ఆగిపోయింది. "యాడుండాది పాపా ఆ మాట?"

"పుస్తకంలోనే ఉండాది అయ్యగారూ. మా అవ్వ సదివింది."

ఆయన కోపపడలేదు. పుస్తకం నా చేతికిచ్చి చూపించమన్నాడు. నాకొచ్చిన మూడో తరగతి చదువుతో అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. తండ్రి బతిమాలాడు. ఆపైన ఖాళీ. ఆ కింద ఇంకో అధ్యాయం, ఎవరో యజమాని కథ. పేజీ తిప్పాను, మళ్ళీ వెనక్కి తిప్పాను. ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది.

నేను అవ్వ వైపు చూశాను. ఆడవాళ్ళ చాప మీద ముందు వరసలో ఉంది. అది నా మాట, పాపది కాదు అని లేచి అంటుందని చూశాను. అవ్వ తల వంచుకుని బొటనవేలి గోరు గిల్లుకుంటోంది. అటువైపు మగవాళ్ళలో పెదనాయన కూర్చుని ఆమెనే చూస్తున్నాడు. దేవుని మాటకు సొంత మాట కలపరాదని అయ్యగారు నిదానంగా చెప్పాడు. చోటు ఉపదేశి కూతురికి పోయింది.

ఇంటికొచ్చి అడిగాను. "ఆడ లేని మాట ఉండాదని యాల జెప్తివి అవ్వా?"

"సదివిన కాడల్లా ఆడికొచ్చి నిలబడిపోతాంటి పాపా. లోపల అందరూ తింటాండారు, పెద్దోడు బైటనే ఉండాడు. వాన్ని ఆడ ఇడిచిపెట్టి పుస్తకం మూయాలంటే నాకు శాతగాల్యా."

"అది నీ మాటని గుళ్ళో ఒక్క తూరి అంటే పోయేది గదా."

అవ్వ లేచి పొయ్యి రాజేయబోయింది. అది నా మాటని చచ్చేదాకా గుళ్ళో అనలేదు.

పొద్దు వాలే వేళకు మా వాకిట్లో ఎవరూ అనుకోని మనిషి నిలబడ్డాడు. పెదనాయన. తువ్వాలులో వేడివేడి ఊచబియ్యం, పచ్చిజొన్న కంకులు కాల్చి నలిపినవి, మూటకట్టి తెచ్చాడు. లోపల నాయన గోడకానుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

"నీ తప్పేమీ ల్యా పాపా" అన్నాడు పెదనాయన. "నువ్వు ఇన్నది ఇన్నట్టే జెప్పినావు. ఆ కడామాట మీయవ్వ నాకోసరం పెట్టింది. దానికి నీ సదువు పాయ."

అవ్వ చెంబుతో నీళ్ళు పట్టుకుని పరుగున వచ్చింది. "రా నాయనా, కాళ్ళు కడుక్కో."

పెదనాయన ఆ చెంబు అందుకోలేదు. "కతలో మాదిరి వస్తాననుకొంటివా అమ్మా? రాను" అని, మూట నా చేతిలో పెట్టి పోయాడు. ఆ రోజు నాకు జరిగింది అన్యాయమని నోరు తెరిచి అన్నది ఆయనొక్కడే. మా అవ్వ అనాల్సిన మాట, గడప బయట నిలబడి ఆయన అన్నాడు. ఆ ఊచబియ్యం నేను గడప మీద కూర్చుని తిన్నాను.

అవ్వ పోయాక బైబులు నాకొచ్చింది. చూపు మందగించి అట్లా చదివిందేమో, ఎవరో చెప్పగా విన్నది కలిసిపోయిందేమో అని అన్నేళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తెరిచి చూస్తే, పొగాకు మరక ఆ కథ చివరి మాట కింద ఖాళీలోనే గోధుమరంగు గీతలాగా పడి ఉంది. కథ ఎక్కడ ఆగుతుందో ఆమెకు బాగా తెలుసు. గుర్తుకు ఆకు పెట్టుకుంది.

ఇప్పుడు బుడ్డలు మిషను వొలుస్తుంది. నాపరాయి అరుగు పోయింది, దాని మీద సిమెంటు గది లేచింది. పెదనాయన అవ్వ పాడె మోశాడు గానీ ఆ ఇంట నీళ్ళు ముట్టలేదు, ఆయనా పోయాడు. మా మనవళ్ళకు ఫోనే బైబులు చదివి వినిపిస్తుంది, ఒక్క తప్పు లేకుండా, ఏ వాసనా లేకుండా. అయినా ఆదివారం మధ్యాహ్నం నేను పాత పుస్తకమే తీస్తాను. చిన్న మనవరాలు మరక మీద వేలు పెట్టి అడుగుతుంది, పెద్దోడు లోపలికి పోయినాడా అవ్వా అని. అవ్వ నేర్పిన మాట నా నాలుక చివరి దాకా వస్తుంది. ఇన్నేళ్ళకూ వస్తుంది. దాన్ని మింగుతాను.

"పోయినాడని రాసి ల్యా పాపా" అంటాను. "పోలేదనీ రాసి ల్యా."