ఏడో నంబరు పొడుగు చేతుల చొక్కా

నిన్న వల్లూరు దగ్గర సోలార్ పలకల కింద గడ్డి పీకుతున్న ఒకామె వీపు మీద ఏడో నంబరు కనబడింది. వెలిసిపోయిన నీలం. మన వాలీబాల్ టీము చొక్కా!

గుర్తుందా? నెట్టు కొనడానికి టీము చొక్కాలు కుట్టించి అమ్ముదామనుకున్నాం. మగవాళ్ళెవరూ కొంటామనలేదు. చీర మీద చొక్కా తొడుక్కుని చెనిక్కాయ చెట్లు పీకే ఆడవాళ్ళే ముందుకొచ్చారు.

"పొడుగు చేతులు పెట్టిచ్చండప్పా, ఎండకు చేతులు కాలిపోతాండాయి" అంది నాగమ్మత్త.

దర్జీ అన్నీ ఒకేలా కుట్టేశాడు. మండుటెండలో మనమూ పొడుగు చేతులతోనే ఆడాం. పక్కూరి టీము ఎంత నవ్విందని! అయినా నెట్టు వచ్చింది. ఆ ఏడు చెనిక్కాయ చేలల్లో ఎటు చూసినా మన నంబర్లే.

గడ్డి పీకుతున్నామె లేచి ఇటు తిరిగింది. నాగమ్మత్తే. సోలార్‌కు లీజుకిచ్చిన తన చేలోనే ఇప్పుడు కూలి చేస్తోంది.

"బాగుండావా నాయనా? ఇప్పుడు యాడ ఆడతాండారు?"

ఆడటం ఎప్పుడో మానేశాం. అయినా మన మైదానం వైపు చూపిద్దామని చేయెత్తాను. అన్ని వైపులా పలకలే. ఎటు చూపించాలో తెలియలేదు.