రాకెట్ల సభలో సోషల్ సారు అడిగిన మాట

నాంపల్లిలో ఒక ఎయిడెడ్ హైస్కూల్లో ఇరవై ఆరేళ్లు ఫిజిక్స్ చెప్పాను. మాది కృష్ణా జిల్లా. మా నాన్న గుమాస్తా ఉద్యోగం మీద ఈ ఊరొచ్చి, లక్డీకాపూల్ వెనక రెండు గదుల కిరాయి ఇంట్లో మమ్మల్ని పెంచాడు. నాకు చిన్నప్పటి నుంచీ ఆకాశమంటే పిచ్చి. ఆదివారం వస్తే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో గ్రహాల బొమ్మలున్నవి వెతుక్కునేవాణ్ణి.

మా బడిలో సోషల్ చెప్పే సారు నాకంటే రెండేళ్లు పెద్ద. ఉస్మాన్‌గంజ్‌లో మూడు తరాలుగా పప్పుల వ్యాపారం చేసిన కుటుంబం ఆయనది. దుకాణం అన్నదమ్ములకు వదిలేసి ఆయన బడికి వచ్చాడు. ఇరవై ఏళ్లు ఒకే బల్ల మీద అన్నం తిన్నాం. ఆయన భార్య పుంటికూర పప్పు, అంటే మా గోంగూర పప్పు, పంపిన రోజు సగం నేనే తినేవాణ్ణి. అది తెలిసి ఆమె కాస్త ఎక్కువే పెట్టేది.

కరోనా రెండోసారి ఊరి మీద పడిన ఏప్రిల్‌లో ఆమె పోయింది. దవాఖానలో కాదు, ఇంట్లోనే, అంబులెన్స్ కోసం చూస్తూ. నేను వెళ్లలేదు. ఎవరూ ఎవరింటికీ వెళ్లని రోజులవి. మర్నాడు ఫోన్ చేసి నాలుగు మాటలు చెప్పి పెట్టేశాను.

ఆ ఏడు జులైలోనే ఇద్దరు కుబేరులు, కొద్ది రోజుల తేడాలో, తమ సొంత కంపెనీల నౌకల్లో అంతరిక్షం అంచు దాకా వెళ్లొచ్చారు. లోకమంతా వాళ్లను తిట్టింది. జనం ఊపిరాడక పోతుంటే వీళ్లకు విహారం కావలసి వచ్చిందా అని పత్రికల్లో ఉత్తరాలు పడ్డాయి. నేను మాత్రం టీవీ ముందు నుంచి కదల్లేదు. రాకెట్ తిరిగి నేల మీద నిటారుగా దిగుతుంటే ఒళ్లు జలదరించింది.

బడులు తెరిచాక, చలికాలంలో ఒక ఆదివారం పొద్దున, ఆబిడ్స్‌లోని ఒక గ్రంథాలయం మేడమీద సభ పెట్టారు. కోటీశ్వరుల అంతరిక్ష యాత్రలు ఎవరి కోసమన్నది విషయం. తిట్టడానికి నలుగురు దొరికారట. వెనకేసుకొచ్చేవాళ్లు ఎవరూ దొరక్క నన్ను పిలిచారు.

నలుగురూ బాగానే మాట్లాడారు. ఒకాయన పన్నుల గురించి, ఒకామె ఆ కంపెనీల గోడౌన్లలో పనిచేసేవాళ్ల గురించి చెప్పారు. చివర్లో నేను లేచాను. మొదట్లో విమానం ఎక్కింది ఎవరని అడిగాను. ఇవాళ అదే విమానంలో మన తాపీమేస్త్రీలు గల్ఫ్ వెళ్తున్నారు కదా అన్నాను. ఏ కొత్త పనైనా మొదట డబ్బున్నవాడి సరదాగానే ఉంటుందన్నాను. "అసూయకు న్యాయమని పేరు పెట్టుకోకూడదు" అని ముగించాను. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆ వాక్యం ముందు రోజే తయారు చేసుకున్నాను.

అప్పుడు మూడో వరుసలోంచి సోషల్ సారు లేచాడు. ఆయన వచ్చాడనే నాకు తెలియదు.

"సార్, గా పైకి పోయినోళ్లు మొత్తం ఎంతసేపు పోయొచ్చిన్రు?" అని అడిగాడు.

"పోనూ రానూ పది నిమిషాలు, సార్, ఒకాయనది," అన్నాను.

"గంత పైన గాలి ఉండదు గద. మరి ఎట్ల బతికిన్రు?"

"లోపలే ఆక్సిజన్ అమర్చుకుంటారు."

"గది ఖరాబైతే?"

"దానికి ఇంకో ఏర్పాటు ఉంటుంది. అన్నీ ముందే ఆలోచించి పెట్టుకుంటారు."

"ఔ, మంచిగున్నది," అన్నాడు. కోపం లేదు గొంతులో. "మా ఇంటామెకు అంబులెన్స్ ఒచ్చేదాంక పది నిమిషాల గాలి కావాల్సుండె. గంతే. మీరు అసూయ అన్నరు. సరే, నాది అసూయనే అనుకుందాం. గని జర చెప్పుండ్రి సార్, అన్నీ ముందే ఆలోచించి పెట్టే గా బుద్ధి మా దిక్కు ఎందుకు రాలే?"

నేను వెంటనే జవాబు చెప్పాను. వాళ్లు ఆ ప్రయాణం మానుకున్నంత మాత్రాన మన ఊరికి సిలిండర్లు వచ్చేవి కావన్నాను. ఆ మాట అబద్ధం కాదు. కానీ అంటుంటేనే ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. వెనక నుంచి ఎవరో సిగ్గుండాలి అన్నారు. సోషల్ సారు అటు తిరిగి, "సార్‌ను ఏమనకుండ్రి. ఆయన తప్పు చెప్పలే. నేనడిగింది గది కాదు," అని సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సోమవారం ఆయన బడికి రాలేదు. మంగళవారమూ రాలేదు. బుధవారం సాయంత్రం నేనే వెళ్లాను. నాంపల్లి స్టేషన్ దగ్గరి గల్లీలో మేడమీది ఇల్లు. ఆమె పోయిన ఈ ఎనిమిది నెలల్లో ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. ఆయనే చాయ్ పెట్టాడు. ఏ డబ్బాలో చక్కెర ఉందో వెతుక్కుంటుంటే చూస్తూ కూర్చున్నాను.

గ్లాసు చేతికిచ్చాక చెప్పేశాను. "ఆమె పోయిన రోజు పొద్దున మీ ఫోన్ వచ్చింది, సార్. చూశాను. ఎత్తలేదు. రమ్మంటారేమోనని భయపడ్డాను."

ఆయన తన గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టాడు. కింద ఆటోలవాళ్లు ఏదో గట్టిగా వాదించుకుంటున్నారు.

"ఆ పొద్దు చానా మందికి చేసిన," అన్నాడు. "ఎవ్వలెత్తలే. మిగిలినోళ్ల మీద నాకేం లేదు సార్. గని మీరెత్తుతరనుకున్న."

క్షమించానని ఆయన అనలేదు. నేనూ అడగలేదు. చాయ్ తాగడం అయ్యాక మాత్రం, "రేపు బడికొస్త. తొమ్మిదో క్లాసుకు పాఠం ఎనకబడ్డది," అన్నాడు.

వారం తర్వాత ఇద్దరం కలిసి ఒక పత్రికకు ఉత్తరం రాశాం. మాటమాటకీ వాదులాట. రాకెట్లే వద్దని రాద్దామన్నాడాయన. వద్దనడం నాకు చేతకాలేదు. చివరికి, అంత సంపద ఒక్కరి దగ్గర పోగుపడనిచ్చింది మనందరం ఒప్పుకున్న చట్టాలే గనక, దాన్ని దేనికి ఖర్చు పెడుతున్నావని అడిగే హక్కు అందరికీ ఉందని రాశాం. అలా అడగడాన్ని నేను సభలో అసూయ అన్నానని, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని కింద నేను చేర్చాను. పత్రిక ఉత్తరం వేసింది. నా రెండు వాక్యాలు మాత్రం తీసేసింది.

"అసలుదే తీసేసిన్రు," అన్నాడు సోషల్ సారు.

అందుకని మరుసటి నెల ఆ గ్రంథాలయానికే మళ్లీ వెళ్లాను. ఆ రోజు సభ నాలాల పూడికతీత గురించి. ఇరవై మంది కూడా లేరు. రెండు నిమిషాలు అడిగి తీసుకుని, నిలబడి ఆ మాట వెనక్కి తీసుకున్నాను. చాలామందికి నేనేం చెబుతున్నానో అర్థం కాలేదు. అధ్యక్షుడు మర్యాదగా తలూపి నాలాల విషయానికి వెళ్లిపోయాడు.

ఏడాదిన్నర తర్వాత, మన దేశపు నౌక చంద్రుడి మీద దిగిన సాయంత్రం బడి హాల్లో టీవీ పెట్టించాను. అప్పటికి రిటైరైన సోషల్ సారు పిలవకుండానే వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. దిగిందని చెప్పగానే పిల్లలతో పాటు లేచి చప్పట్లు కొట్టాడు. బయటికొచ్చాక, రాకెట్లంటే మీకు పడదు కదా అన్నాను.

"గిది మన పన్నులతోటి పోయింది సార్. మంచిగైనా, ఖరాబైనా మనం అడగొచ్చు. గా కోటీశ్వర్లను ఎవలడగాలె?"

వాళ్ల రాకెట్లూ ఎప్పటికో ఒకప్పటికి అందరికీ పనికొస్తాయేమో అన్నాను. నేనింకా అలాగే అనుకుంటున్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోడు. పబ్లిక్ గార్డెన్ గోడ వెంట నడుస్తూ ఆ సంగతే వాదించుకున్నాం. మలుపు దగ్గర ఆయనకు ఆయాసం వచ్చింది. ఇద్దరం ఆగాం, ఆయన మళ్లీ మాట అందుకునేదాకా నేను నిలబడ్డాను.