గేటు ముందు జొన్నరొట్టెలు

పొద్దున యూనివర్సిటీ గేటు నుంచి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. కోస్గి దిక్కు నుంచి ఆడవాళ్లు వచ్చారట, కార్డులేవీ లేవట, లైబ్రరీ చూస్తామంటున్నారట, ఏం చేయమంటారు మేడమ్ అని. పంపించమన్నాను. ఆ తర్వాత కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. మా అత్తమ్మ గుర్తొచ్చింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఈ యూనివర్సిటీ పిల్లలు మా ఊళ్లో క్యాంపు పెట్టారు. వీధులు ఊడ్చారు, ఇంకుడు గుంతలు తవ్వారు, అంతకన్నా శ్రద్ధగా మా ఇళ్లలో తిన్నారు. అత్తమ్మ చేసిన జొన్నరొట్టె, పుంటికూర వాళ్ల సారు అడిగి మరీ మారు పెట్టించుకున్నాడు. పోతూ పోతూ, ఒకసారి మా యూనివర్సిటీకి రండమ్మా అన్నాడు. చదువుకున్నవాళ్లు ఇలాంటివి మర్యాదకంటారు. అత్తమ్మకు ఆ సంగతి తెలియదు, తెలిసినా ఒప్పుకునే మనిషి కాదు. మన ఇంట్లో తిన్నవాళ్లు పిలిస్తే పోవాలి, పోకుంటే వాళ్లను చిన్నచేసినట్టని ఆమె లెక్క.

అప్పటికి నాకు డిగ్రీ అయిపోయి పెళ్లయింది. ఎమ్మే చదవాలన్న కోరికను కడుపులో దాచుకొని పత్తి ఏరుతున్నాను. కోడలి చదువు మాట ఎత్తితే చాలు, మామ కండువా దులుపుకొని బయటికి పోయేవాడు. అత్తమ్మ మాత్రం ఒకనాడు రొట్టెలు మూటగట్టి, నన్ను వెంటబెట్టుకొని బస్సెక్కింది.

గేటు దగ్గర పాసు లేదని ఆపేశారు. అత్తమ్మ అక్కడే బాసింపట్టు వేసుకొని కూర్చుంది, మూట ముందు పెట్టుకొని.

"మీ పిల్లగాండ్లు మా ఇండ్లల్లకొచ్చి తిన్ననాడు మేం పాసులడిగినమా, బిడ్డా?"

సిగ్గుతో నాకు చచ్చినంత పనైంది. ఆమె కదల్లేదు. కబురంది సారు పరుగున వచ్చాడు, నేనే పిలిచానని చెప్పి లోపలికి తీసుకుపోయాడు. లైబ్రరీ చూసి ఇదంతా ఎవరిదని అడిగింది అత్తమ్మ. సర్కారుది, అంటే మీదే అన్నాడాయన.

"మాదే అయితే మా కోడలికి గీడ జర జాగ ఇయ్యి సారు."

ప్రవేశ పరీక్ష రాయాలన్నాడు.

"రాస్తది" అంది, నన్నడక్కుండానే.

రాశాను, సీటొచ్చింది. మామ అలిగి అన్నం మానేశాడు. ఆకలైతే ఆయనే తింటాడని చెప్పి అత్తమ్మ నా పెట్టె సర్దింది. ఇప్పుడు అదే లైబ్రరీలో నా ఉద్యోగం. చూడటానికి ఆమె లేదు, ముందే పోయిందన్న కోపం నాకింకా పోలేదు.

లేచి గేటు దాకా నడిచాను. పంపించమన్నా, పేర్లు రాసుకోవాలంటూ వాళ్లను ఇంకా అక్కడే ఆపి ఉంచారు. చంకలో మూటతో ఉన్న పెద్దామె, ఎండలో ఇంతసేపు నిలబెడతారా అని నన్నే గద్దించింది. ఆ తిట్టు నాకు హాయిగా ఉంది. ఏళ్లు గడిచినంత మాత్రాన ఏ గేటూ తెరుచుకోదు. ఎవరో ఒకరు దాని ముందు మొండిగా కూర్చున్నాకే కాలం కదులుతుంది.