ఎర్రనీళ్ల అర్జీ

గోరంతని కొండంత చేసి చెప్పడం నా అలవాటు, ముందే ఒప్పుకుంటున్నాను. హుకుంపేట బస్సులో మూడొందల మంది మధ్య, నా పక్కనున్న గిరిజన మహిళ, తన కూతురు రాసిచ్చిన ఇంగ్లీషు అర్జీ పట్టుకుని కూర్చుంది. ఊట నీళ్లు ఎర్రగా వస్తున్నాయని, అంతే ఉంది అందులో.

“ఇంత చప్పగా రాస్తే ఎవరు కదులుతారమ్మా?” అని కాగితం లాక్కుని, ‘రెడ్’ ముందు ‘ఎక్స్‌ట్రీమ్‌లీ’ చేర్చాను. ‘టెర్రిబ్లీ’ కూడా పెట్టబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

“ఏటి సేత్తన్నావు? పోయినేడు నీలాటి బాబే అలాగ రాసినాడు. ఆఫీసరొచ్చి, గలాసులో సూసి, అంత ఎరుపేటీ కాదని ఎల్లిపోనాడు. మా పిల్లలు ఇంకా అవే తాగతన్నారు.”

సిగ్గుపడి, క్షమించమన్నాను.

బస్సులో మూడొందల మంది అంటే మీరెలాగూ నమ్మరు. నేను అసలు కల్పించి చెప్పింది ఆ క్షమాపణ. నిజానికి నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. ఆవిడ దిగేదాకా అర్జీలో నేను చేర్చిన మాటను గోటితో గీకుతూనే ఉంది.