తేదీ అడిగిన గొంతు

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. అయినా ఈ ఒక్క సంగతి చెప్పాలి.

తిరుపతిలో, విదేశాల్లో చదువుకునే పిల్లల దరఖాస్తులు నింపే చిన్న ఆఫీసులో ఆరేళ్లు పనిచేశాను. ఒకటే గది. నా పక్క కుర్చీలో ఖాదర్ సార్ ఉండేవారు. చిత్తూరులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, అది మూతపడ్డాక మా దగ్గర చేరారు. స్టడీ పర్మిట్ అయినా, చదువయ్యాక తీసుకునే వర్క్ పర్మిట్ అయినా ఆయన చదవనిదే పంపేవాళ్లం కాదు. వేలు పెట్టి ఒక్కో అంకె చూసేవారు.

"పేరు తప్పయితే దిద్దుకోవచ్చు బిడ్డా. తేదీ తప్పయితే పిల్లోళ్ల బతుకు యాడ దిద్దుతాం?" అనేవారు.

పర్మిట్ వచ్చినవాళ్లు స్వీట్లు తెస్తే, షుగర్ ఉన్నా ఒక ముక్క నోట్లో వేసుకుని, "మా ఇంట్లో సెప్పొద్దు" అని నవ్వేవారు. నా క్యారియర్‌లో చింతాకు పప్పు ఉంటే మూత తీయకముందే కనిపెట్టేవారు.

రెండేళ్ల కిందట గుండెపోటుతో పోయారు. చివరిచూపుకు చిత్తూరు వెళ్లాను.

మూడు నెలల తర్వాత నాయుడుపేట నుంచి లావణ్య అనే అమ్మాయి వచ్చింది. కెనడాలో రెండేళ్ల కోర్సు ముగించి, అక్క పెళ్లికి వచ్చింది. వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. మా ఆఫీసుకు రావడం అదే మొదటిసారి. ఖాదర్ సార్ ఎవరో ఆమెకు తెలియదు.

ఉదయం పదకొండు గంటలు. మేమిద్దరమే ఉన్నాం. కరెంటు పోయి ఫ్యాన్ ఆగింది. ల్యాప్‌టాప్‌లో ఫారం పూర్తయింది. పంపే బటన్ నొక్కబోతున్నాను.

"తేదీ సూస్తివా బిడ్డా?"

"చూశాను సార్" అన్నాను, తల తిప్పకుండానే. ఆరేళ్ల అలవాటు. అన్నాక చేయి ఆగిపోయింది.

"అక్కా, ఆయన అడగతా ఉండారు గదా, ఇంకోసారి సూడరాదా?" అంది లావణ్య.

పాస్‌పోర్టు తెరిచాను. ఇంకో ఏడు నెలల్లో గడువు తీరిపోతుంది. పాస్‌పోర్టు గడువు దాటి పర్మిట్ ఇవ్వరు. అలాగే పంపి ఉంటే మూడేళ్లకు బదులు ఏడు నెలలే వచ్చేది. దాన్ని నమ్ముకుని ఎవరు ఉద్యోగం ఇస్తారు?

"ఎవరు అడిగింది? ఎక్కడున్నారు?" అన్నాను.

"మీ పక్కనించే గదక్కా వినబడింది. ఎవరో పెద్దాయన గొంతు" అని ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూసింది.

పాస్‌పోర్టు కొత్తది వచ్చాకే దరఖాస్తు పంపాం. మూడేళ్ల పర్మిట్ వచ్చింది. లావణ్య ఇప్పుడు అక్కడే ఉద్యోగం చేస్తోంది.

మా ఆఫీసు కింద ఉన్న కొట్లో ఎవరో అరిచి ఉంటారని మా యజమాని తేల్చేశాడు. కొట్టువాళ్లకు మా తేదీలతో ఏం పని? ఇద్దరం ఒకేసారి ఎలా విన్నామో నాకు ఇవాళ్టికీ తెలియదు.

ఆ క్షణంలో నేను పక్కకు తిరగలేదు. భయమేసి కాదు. తిరిగితే ఆయన ఉండరేమోనని.